మా బాపు నవ్విన వార్త

మా బాపుకు పేపరు చదవడం వచ్చు. అంతటితో ఆగి ఉంటే మా కొంప మునిగేది కాదు. ఆయన పదిమందిని కూర్చోబెట్టుకుని చదివి వినిపించేవాడు. అది కూడా సరే అనుకుందాం. వినిపిస్తూ వినిపిస్తూ మధ్యలో నవ్వేవాడు. ఆ నవ్వే మమ్మల్ని బజారున పడేసిందని మా అమ్మ పోయేదాకా అంటూనే ఉంది.

మొఘల్‌పురాలో మేము అద్దెకున్న ఇంటి ముందు ఒక చబూత్రా ఉండేది. అరుగు అంటే మీకు తొందరగా తెలుస్తుంది గానీ, మా గల్లీలో ఎవరూ ఆ మాట అనేవారు కాదు. సాయంత్రం డ్యూటీ దిగి, కాళ్లు కడుక్కుని, చాయ్ తాగి బాపు ఆ చబూత్రా మీదికి వచ్చేసరికి మగవాళ్లు ఒక్కొక్కరే చేరేవారు. అందరూ కలిసి ఒకే తెలుగు పేపరు వేయించుకునేవారు. పొద్దున వచ్చిన పేపరును సాయంత్రం దాకా ఎవరూ విప్పకూడదు. విప్పితే వార్త ఎంగిలైనట్టే లెక్క. ఆ గుంపులో కొందరికి తెలుగు మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. కొందరికి ఉర్దూ తప్ప మరొకటి రాదు. బాపు కళ్లతో తెలుగు చదువుతూ నోటితో ఉర్దూ చెప్పేవాడు, మధ్యమధ్య మనవాళ్ల కోసం మళ్లీ తెలుగులోకి వచ్చేవాడు. నేను తలుపు వెనక కూర్చుని బియ్యం ఏరుతూ వినేదాన్ని. ఎదిగిన పిల్ల చబూత్రా మీద కూర్చోకూడదు. చెవులకు మాత్రం ఎవరూ పరదా వేయలేదు.

పేపరు పేపరులా చదివితే బాపుకు తృప్తి ఉండేది కాదు. ఉప్పూ కారం తనే వేసుకునేవాడు. అందులోనూ ఒక మాట దగ్గర ఆయన చేసే తతంగం చూసి తీరాలి. పేపర్లో ఎక్కడైనా విశ్వసనీయ వర్గాల ద్వారా తెలిసింది అని వచ్చిందా, అక్కడ ఆగేవాడు. కళ్లద్దాలు తీసి లుంగీ అంచుతో తుడిచేవాడు. గల్లీ చివరిదాకా ఒక చూపు చూసేవాడు. అప్పుడు గొంతు తగ్గించి, "ఒక భరోసేవాలా ఆద్మీ చెప్పిండు" అనేవాడు. భరోసేవాలా అంటే నమ్మదగిన మనిషి.

"కౌన్ సాబ్?" అని ఎవరో ఒకరు తప్పకుండా అడిగేవారు.

"నామ్ నక్కో పూఛో," అని బాపు సగం పెదవితో నవ్వేవాడు. పేరు అడగొద్దని.

ఆ నవ్వు చూస్తే, ఏ మంత్రిగారో నిన్న మా ఇంట్లో అన్నం తిని, చేయి కడుక్కుంటూ ఈ సంగతి చెప్పి వెళ్లాడేమో అనిపించేది. నిజానికి మా బాపుకు తెలిసిన వాళ్లలో అందరికంటే పెద్దవాడు కంపెనీ గేటు దగ్గర కూర్చునే జమేదారు. ఆ జమేదారు కూడా బాపు సలాం చేస్తే ఒకసారి తల ఊపేవాడు, ఒకసారి ఊపేవాడు కాదు. కానీ చబూత్రా మీద కూర్చున్నవాళ్లలో పేపరాఫీసు మొహం చూసినవాడు ఒక్కడూ లేడు. వాళ్లకు వార్త అంటే మా బాపు నోట్లోంచి వచ్చేది. రోజూ వినగా వినగా, పేపరు వెనకాల ఒక భరోసేవాలా ఉన్నాడనీ, ఆయనకూ, వాళ్లంతా మున్షీ సాబ్ అని పిలిచే మా బాపుకూ ఏదో దోస్తీ ఉందనీ గల్లీలో స్థిరపడిపోయింది. బాపు అవునని ఎప్పుడూ అనలేదు. కాదని కూడా అనలేదు. స్టోర్సులో గుమస్తా ఉద్యోగం చేసే మనిషికి ఆ మాత్రం గొప్ప ఊరికే వస్తుంటే ఎవడు కాదంటాడు?

బాపు పనిచేసే కంపెనీ దబీర్‌పురా స్టేషన్ దాటాక పట్టాలకు అవతల ఉండేది. లాంతర్లు, కిరసనాయిలు స్టవ్వులు చేసేవారు. మా గల్లీలో సగం ఇళ్ల అన్నం అక్కణ్ణుంచే వచ్చేది. రేకు కోసేవాళ్లు, టంకం పెట్టేవాళ్లు, రంగు వేసేవాళ్లు మా చుట్టుపక్కలే ఉండేవారు. మా బాపు స్టోర్సులో రేకులు, వత్తులు, గాజు చిమ్నీలు లెక్కచూసి ఇచ్చేవాడు. యూనియన్ నాయకుడు కూడా మా గల్లీ మనిషే. చబూత్రా మీద రోజూ బాపు కుడిపక్కన కూర్చునేవాడు. నేను ఆయన్ని కాకా అనేదాన్ని. ఆ రోజుల్లో జీతాలు పెంచమని యూనియన్ గట్టిగా పట్టుబట్టింది. సమ్మె మాట కూడా వినిపిస్తోంది.

అది డెబ్బైల చివర. ఒక సాయంత్రం బాపు మూడో పేజీ తిప్పి, ఒక చిన్న వార్త మొదలుపెట్టి ఆగిపోయాడు. ఆగాల్సిన చోటుకంటే ముందే ఆగాడు. నగరంలో ఒక లాంతర్ల కంపెనీ త్వరలో మూతపడుతుందట. గిరాకీ పడిపోయిందట, పైగా కూలీల కోరికలు మోయలేనంతగా పెరిగాయట. కంపెనీకే చెందిన విశ్వసనీయ వర్గాలు, పేరు బయటపెట్టొద్దన్న షరతు మీద, ఈ మాట చెప్పాయట. నగరంలో లాంతర్ల కంపెనీ మాదొక్కటే.

నేను తలుపు సందులోంచి చూశాను. బాపు మొహంలో నెత్తురు లేదు. ఆయనకూ ఆ వార్త అప్పుడే తెలిసింది. కానీ ఏళ్ల తరబడి అలవాటైన చేతులు ఊరుకోవు కదా. కళ్లద్దాలు తీశాడు. లుంగీ అంచుతో తుడిచాడు. గల్లీ చివరికి చూశాడు. కర్ర చూసి కూడా తోక ఊపే కుక్కలాగా, ఆ పాడు నవ్వు మొహం మీదికి వచ్చేసింది.

"ఎవలు చెప్పిన్రు మున్షీ సాబ్?" అని రంగు వేసే అతను అడిగాడు.

"నామ్ నక్కో పూఛో," అంది ఆ నోరు దానంతట అదే.

ఎవరూ నవ్వలేదు. కాకా మాత్రం బాపు వైపు తిరిగి, "స్టోర్స్‌ల రేకులు తక్కువైనయా అన్నా?" అని మెల్లగా అడిగాడు.

"తక్కువైన మాట నిజమే," అన్నాడు బాపు. అది నిజమే. ఆ నెల రేకుల లారీ రాలేదు.

మర్నాడు మధ్యాహ్నం భోజనాల వేళకు కంపెనీ అంతా ఒకే మాట. పేపరుకు చెప్పింది స్టోర్సు మున్షీ. చదవకముందే ఆయనకు తెలుసు. చదువుతూ నవ్వాడు. రేకులు తక్కువయ్యాయని ఆయనే ఒప్పుకున్నాడు. ఇంకేం కావాలి? బాపును కొందరు ద్రోహి అన్నారు, గుట్టు రట్టు చేసి కంపెనీకి దిష్టి తగిలించాడని. ఇంకొందరు మంచోడన్నారు, ముందే చెప్పి మనల్ని మేల్కొలిపాడని. చెప్పింది ఆయన కాదేమో అన్నవాడు మాత్రం ఒక్కడు కూడా లేడు. బాపు నా తల మీద చెయ్యి పెట్టి, తను చెప్పలేదని ఒట్టేశాడు. "బిడ్డ మీద ఒట్టు తిన్నడంటే గట్టి సంగతే ఉన్నది," అని చబూత్రా మీద అనుకున్నారు. నా తలకు ఆ రోజుల్లో అంత విలువ.

తరువాత మేనేజరు బాపును తన గదిలోకి పిలిపించాడు. ఆ సాయంత్రం బాపు చొక్కా కూడా విప్పకుండా గడప దగ్గర కూర్చుని మాకు చెప్పాడు. మేనేజరు కుర్చీ చూపించాడట. చాయ్ తెప్పించాడట. స్టోర్సు గుమస్తాకు మేనేజరు గదిలో చాయ్ ఇవ్వడం కంపెనీ పుట్టాక అదే మొదలు.

"చెప్పింది మీరు కాదంటున్నారు. సరే, నమ్ముతాను," అన్నాడట మేనేజరు ఎంతో మర్యాదగా. "మరి ఎవరు చెప్పారో ఆ పేరు చెప్పండి. మీ జోలికి రాను."

బాపు చాయ్ తాగాడు గానీ పేరు చెప్పలేకపోయాడు. తెలిస్తే కదా చెప్పడానికి.

"తెలిస్తే చెప్పెటోనివా?" అని అమ్మ అడిగింది.

బాపు చొక్కా గుండీలు విప్పడం మొదలుపెట్టాడు. అమ్మ కంచం ముందు పెట్టి, ఇంకేమీ అడగకుండా వెళ్లిపోయింది.

వారం తిరగకుండానే గేటు పక్క బోర్డు మీద నోటీసు అంటించారు. సంస్థ రహస్యాలను పత్రికలకు చేరవేసినందుకు స్టోర్సు గుమస్తాను ఉద్యోగం నుంచి తొలగించడమైనదని. ఆ నోటీసును గేటు ముందు నిలబడి చదివి వినిపించడానికి మా బాపు లేడు కాబట్టి, ఎవరో కుర్రకారు కూడబలుక్కుని చదివారట. అప్పుడు మా కాకా ఒక మాట అన్నాడు. ఆ మాట ఆ సాయంత్రం మా తలుపు దాకా వచ్చింది, నా చెవులతో నేనే విన్నాను.

"అబద్ధం చెప్పినందుకైతే అబద్ధం అని రాస్తరు. గీళ్లు రహస్యం అని రాసిన్రు. రహస్యం అంటే ఏంది? నిజం అన్నట్టే గదా. కంపెనీ మూతపడుడు ఖాయం."

ఆ ముక్కలో తప్పు పట్టండి చూద్దాం. నేను ఇప్పటికీ పట్టలేను. పేరు లేని మనిషి చెప్పిన మాటను ఊరికే ఎవడు నమ్ముతాడు? అందుకే దానికి ఒక పేరున్న మనిషిని పట్టుకుని నడివీధిలో బలి ఇవ్వాలి. బలి పడ్డాక ఆ మాటకు మహిమ వస్తుంది. మా బాపు మెడ మీద కత్తి పడేదాకా సగంమందికి అనుమానంగానే ఉండింది. పడ్డాక ఎవరికీ అనుమానం లేదు.

ఆ తరువాత మేనేజరు దయతలిచాడు. కంపెనీ ఎట్లాగూ కష్టాల్లో ఉంది, ఇప్పుడే తమంతట తాము రాజీనామా ఇచ్చినవాళ్లకు అంతో ఇంతో చేతిలో పెట్టి పంపుతాం, మూతపడ్డాక వచ్చి అడిగితే మాత్రం ఏమీ ఉండదు అన్నాడు. ఉన్నకాడికి దక్కించుకోవడం మేలని కాకా అందరికీ నచ్చజెప్పాడు. ముందు సంతకం తనే చేశాడు. ఆయన వెనక మా గల్లీ గల్లీ చేసింది. జీతాల పెంపు, సమ్మె అన్నీ గాలికి పోయాయి. రంగు వేసే అతను సంతకం చేసి వస్తూ మా తలుపు దగ్గర ఆగి, "అల్లా మీకు మంచి చేస్తడు మున్షీ సాబ్, ముందే చెప్పిన్రు," అని దువా ఇచ్చి వెళ్లాడు. మా బాపు తల దించుకుని ఆ దువా కూడా తీసుకున్నాడు.

కంపెనీ కొన్నాళ్లు తలుపులు వేసింది. గోడలకు సున్నం కొట్టించారు. తరువాత తలుపులు తెరిచారు. మేస్త్రీ ఒకడు ఎక్కడెక్కడినుంచో మనుషులను తెచ్చి, పాత జీతంలో సగానికి పనిలో పెట్టాడు. రేకుల లారీలు రావడం మొదలైంది. లాంతర్లు అవే, రంగు అదే. పొద్దున సైరన్ మోగితే మా గల్లీలో మగవాళ్లంతా ఇళ్లలోనే ఉండి వినేవారు. కరెంటు పోయినప్పుడల్లా మా ఇంట్లో వెలిగేది ఆ కంపెనీ లాంతరే.

అప్పుడు మొదలైంది మా మీద. అప్పటిదాకా బాపును మంచోడన్నవాళ్లు కూడా ద్రోహి అన్నవాళ్లలో కలిసిపోయారు. కంపెనీ మూతపడుతుందని అబద్ధం పుట్టించింది మున్షీ, మేనేజరు దగ్గర డబ్బు తిని పుట్టించాడు, పీకేయడం ఉత్త నాటకం అని కొత్త కథ కట్టారు. గదిలో చాయ్ తాగిన సంగతి వాళ్లకు బాగా పనికొచ్చింది. డబ్బు తిన్నవాడి ఇంట్లో పెళ్లీడు పిల్ల చినిగిన పావడా ఎందుకు కట్టుకుంటోందని ఎవరికీ తోచలేదు. తోచినా, అది కూడా నాటకమే అనేవారు.

మొదట చబూత్రా మీదికి రావడం మానేశారు. పేపరు మాత్రం ఆపలేదు. రోజూ సాయంత్రం ఎవరో ఒకరు విప్పని పేపరును మా తలుపు మీదికి విసిరి, "భరోసేవాలా ఏమంటుండు ఇయ్యాల?" అని అరిచి పోయేవారు. పిల్లలు ఆ పేరు పట్టుకున్నారు. బాపు గల్లీలో నడిస్తే ముందొకడు, వెనకొకడు భరోసేవాలా, భరోసేవాలా అని పాటలాగా పాడేవారు. మంగలి ఆయనకు గడ్డం సగం గీసి, చాయ్ తాగొస్తానని లేచిపోయి మళ్లీ రాలేదు. బాపు సగం గడ్డంతో బజారంతా నడిచి ఇంటికొచ్చాడు. ఒకప్పుడు దువా ఇచ్చి వెళ్లిన రంగు అతను ఒక రోజు వచ్చి చబూత్రా నిండా పాన్ ఉమ్మి, మాట కూడా మాట్లాడకుండా పోయాడు. అతని ఇంట్లో అప్పటికి పొయ్యి వెలగడం లేదని నాకు తెలుసు. తెలిసినా నాకు అతని మీద జాలి కలగలేదు. ఆ ఎర్రటి మరకలు కడిగింది నేను.

ఇంట్లో అమ్మ వాళ్లకంటే తక్కువేం కాదు. అన్నం వడ్డిస్తూ, "భరోసేవాలా చెప్పిండు, ఇయ్యాల పప్పు లేదట," అనేది. ఒకసారి బాపు, "ఊకో," అన్నాడు. "నవ్వు మరి. నవ్వి నవ్వి నోట్ల మన్ను పోస్తివి గదా, ఇంకోపారి నవ్వు," అంది. అమ్మ దృష్టిలో జరిగినదానికంతా మూలం ఆ సగం పెదవి నవ్వు. బాపు మామూలుగా చదివి ఉంటే ఎవరూ అనుమానించేవారు కాదనీ, అనుమానం రాకుంటే ఉద్యోగం ఉండేదనీ ఆమె నమ్మకం. ఆ మాట పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి వేసేది, పాలవాడిలాగా. బాపు కూడా అదే నమ్మాడు. ఎన్నోసార్లు అద్దం ముందు నిలబడి పెదవిని వేలితో కిందికి నొక్కుకుంటుంటే చూశాను.

ఏ కంపెనీ ఆయన్ను పనిలోకి తీసుకోలేదు. రహస్యాలు చేరవేసిన గుమస్తా ఎవరికి కావాలి? చివరికి లాడ్ బజారులో ఒక గాజుల సేటు పొట్లాలు కట్టే పని ఇచ్చాడు. గాజులను పాత పేపర్లలో చుట్టాలి. బాపు చుట్టేముందు ఆ పేపరు చదివేవాడట. చదువుతూ కూర్చుంటే గిరాకీ పోతోందని సేటు ఆయన కళ్లద్దాలు తీసుకుని గల్లాపెట్టెలో పెట్టి, దుకాణం మూసేటప్పుడు ఇచ్చేవాడు. ఈ సంగతి బాపు మాకు చెప్పలేదు. గాజులకు పోయిన పక్కింటామె చెప్పింది, మంచి సంతోషంగా చెప్పింది.

నేను ఇంటర్ అయ్యాక ప్రూఫులు దిద్దే పనికి ఒక పేపరాఫీసులో చేరాను. మూసీ దాటి వెళ్లాలి. ఆ వార్త వేసిన పేపరే అది. "గా పేపర్లనే చేరుతవా?" అని అమ్మ అడిగింది. "జీతమిచ్చేది గా పేపరే," అన్నాను. ఇంటికి రోజూ ఒక పేపరు ఊరికే వస్తుందని బాపు లోపల సంతోషించాడని నాకు అనుమానం.

అక్కడ కూర్చున్నాక విశ్వసనీయ వర్గాలు ఎవరో నాకు ఒక్కొక్కటిగా తెలిసింది. మంత్రిగారి సన్నిహిత వర్గాలంటే ఆయన కారు తోలే డ్రైవరు. సచివాలయ వర్గాలంటే ఫైళ్లు మోసే అటెండరు, అది కూడా అతను బీడీ కాల్చుకోవడానికి బయటికొచ్చినప్పుడు. పరిశీలకులు భావిస్తున్నారు అంటే రిపోర్టరుకు ఆ పూట ఎవరూ దొరకలేదు, తనే భావించాడు. పేరున్న మనిషి చెబితే ఆయన ఒక్కడే. పేరు లేకపోతే మాత్రం ఒక్కడే అయినా వర్గాలు, గుంపుగా వచ్చి చెప్పినట్టు. ఇంత తక్కువ సరుకుతో మా గల్లీ బతుకంతా బుగ్గి చేశారా అని నాకు ఒళ్లు మండేది. ఆ మంటతోనే అక్షరదోషాలు దిద్దేదాన్ని. అందుకే బాగా దిద్దుతానని పేరొచ్చింది.

కంపెనీల వార్తలు రాసే రిపోర్టరు పెద్దాయన, రిటైరవ్వడానికి దగ్గరలో ఉన్నాడు. సర్కారు జిల్లాల మనిషి. చాయ్ తాగుతూ తన పనితనం చెప్పుకోవడం ఆయనకు ఇష్టం. ఒక మధ్యాహ్నం ఏదో మిల్లు మూతపడబోతోందన్న వార్త ప్రూఫు నా చేతికొచ్చింది. అందులోనూ ఆ వర్గాలే. నేను తీసుకెళ్లి, "ఇవి ఏ వర్గాలు సార్?" అని అడిగాను.

"పిచ్చిదానా, కంపెనీ మూతపడుతుందని కంపెనీ కాక ఇంకెవరు చెబుతారమ్మా?" అని నవ్వాడాయన. "ఇప్పుడంటే ఇలా గానీ, వెనక లాంతర్ల కంపెనీ వార్త ఒకటి రాశాను. మేనేజరు స్వయంగా మన ఆఫీసుకే వచ్చాడు. రాయమని అడిగాడనుకున్నావా? రాయొద్దని అడిగాడు. మూసేస్తున్నాం, దయచేసి ఇప్పుడే రాయకండి, కూలీలు కంగారుపడతారు అన్నాడు. రాయొద్దంటే రాస్తామని ఆయనకు తెలుసు. మొనగాడు."

"కానీ మూతపడలేదు కదా సార్. అది అబద్ధం కదా."

"అబద్ధం ఎలా అవుతుంది? తెలియవచ్చింది అని రాశాను. నాకు తెలియవచ్చింది. మూతపడింది అని రాయలేదే."

"దానికి ఎవరో గుమస్తాను పీకేశారు సార్."

"అవును, విన్నాను. నిజం చెప్పొద్దూ, అప్పటిదాకా నాకే అనుమానంగా ఉండేది. గుమస్తాను పీకేశారనగానే, అయితే వార్త నిజమేనన్నమాట అనుకున్నాను. లేకపోతే ఎందుకు పీకుతారు?"

చెప్పినవాడెవడో ఆయనకు తెలుసు. ఆ గుమస్తా కాదని తెలుసు. అయినా ఆ గుమస్తా ఉద్యోగం పోవడం చూసి నమ్మాడు. ఇక మా గల్లీలో చదువురాని వాళ్లను ఏమని తిట్టేది? ఆ మేనేజరు గదిలో బాపు తాగిన చాయ్ గుర్తొచ్చింది. ఎదురుగా కూర్చుని, పేరు చెప్పండి అని మేనేజరు అడిగింది తన పేరే.

"ఆ గుమస్తా మా నాన్న సార్," అన్నాను.

ఆయన చాయ్ కప్పు కింద పెట్టాడు. అయ్యో అంటాడేమో అని నేను చూశాను. ఆయన తలుపు వైపు చూశాడు, ఎవరైనా విన్నారేమోనని. "నా నోట విన్నట్టు ఎక్కడా అనకమ్మా. నాలుగు రోజుల్లో రిటైరయ్యేవాణ్ణి. ఆ మేనేజరు ఇప్పుడు మనకు అడ్వర్టైజ్‌మెంట్లు ఇచ్చే పెద్దమనిషి. నీకు మాత్రం ఉద్యోగం అక్కర్లేదా?" అన్నాడు. అననని మాట ఇచ్చాను. మా ఇంట్లో బియ్యం ఆ ఉద్యోగం మీదే వస్తున్నాయి. దానికి నేను సిగ్గుపడను.

ఇంటికొచ్చి బాపుకు చెప్పాను. నాకు ఆ సంగతి చెప్పింది ఎవరో ఆయన అడగలేదు. గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ఎగిరి గంతేస్తాడనుకున్నాను, కనీసం మేనేజరును తిడతాడనుకున్నాను.

"గీ ముచ్చట ఎవ్వలకు చెప్పకు బిడ్డా," అన్నాడు.

"ఎందుకు బాపు? నీ మీద పడ్డ మచ్చ పోతది గదా."

"ఇన్నేండ్ల సంది నన్ను ద్రోహి అన్నరు, దొంగ అన్నరు. గాడిద అని ఎవ్వడు అనలే. గిప్పుడు గది గూడ అనిపించుకొమ్మంటవా?"

"నేను అనలేదా?" అంది అమ్మ వంటింట్లోంచి.

"ఇంట్లోదాన్ని లెక్కల పట్టకు," అన్నాడు బాపు నాతో.

నాకు కోపం ఆగలేదు. గోధుమల డబ్బా సంకన పెట్టుకుని కాకా దగ్గరికి బయల్దేరాను. రాజీనామా ఇచ్చినప్పుడు వచ్చిన డబ్బుతో ఆయన మా గల్లీ మలుపులో పిండి గిర్ని పెట్టుకున్నాడు. మిగిలినవాళ్ల డబ్బు తినడానికే చాలలేదు. ఈయనది మాత్రం గిర్ని అయింది. ఒంటి నిండా పిండితో తెల్లగా ఉన్నాడు. ఆడవాళ్లు డబ్బాలు పెట్టుకుని వరసలో కూర్చున్నారు. నా వంతు వచ్చేదాకా కూర్చుని, డబ్బా అందిస్తూ చెప్పాను.

"కాకా, గప్పుడు పేపరోళ్లకు చెప్పింది మా బాపు గాదు. మేనేజరే పోయి చెప్పిండు."

గిర్ని చప్పుడులో వినపడలేదన్నట్టు చెయ్యి చెవి దగ్గర పెట్టుకున్నాడు. మళ్లీ చెప్పాను. ఆయన పట్టా లాగి గిర్ని ఆపేశాడు.

"నీకెవలు చెప్పిన్రు?"

"తెలిసినోళ్లు చెప్పిన్రు కాకా."

"తెలిసినోళ్లంటే ఎవలు? పేరు చెప్పు."

పేరు నా నాలుక కొసన ఉంది. అది బయటికొస్తే మర్నాటికి ఈ గిర్నిలోంచి కంపెనీకి, కంపెనీలోంచి పేపరాఫీసుకు పోతుంది. ఇంట్లో మళ్లీ పప్పు ఉండదు. చెప్పినా ఈయన నమ్మడని కూడా నాకు అప్పుడే అర్థమైంది. మేనేజరే చెప్పాడని ఒప్పుకుంటే, ముందు సంతకం చేసి, అందరిచేతా చేయించిన ఈయనే గాడిద అవుతాడు. ఆ పదవి మా బాపుకే వద్దు, ఈయనకెందుకు? ఈ రాతలో కూడా నేను ఎవరి పేరూ రాయడం లేదు. మీరు నమ్మకపోయినా నేను చేసేదేం లేదు.

"నమ్మకమున్న మనిషే కాకా," అన్నాను. "పేరు మాత్రం చెప్పరాదు."

కాకా నన్ను పైనుంచి కిందికి చూశాడు. ఆయన మొహం మీద పిండి పగిలి నవ్వొచ్చింది.

"ఇన్నరా?" అన్నాడు వరసలో ఉన్న ఆడవాళ్లతో. "భరోసేవాలా ఆద్మీ చెప్పిండట. నామ్ నక్కో పూఛో అంటుంది. తండ్రి బిడ్డనే."

వాళ్లంతా నవ్వారు. రంగు వేసే అతని భార్య కూడా ఆ వరసలో ఉంది, చెంగు నోటికి అడ్డం పెట్టుకుని అందరికంటే ఎక్కువసేపు నవ్వింది. కాకా గిర్ని మళ్లీ నడిపి నా గోధుమలు పట్టాడు. ఆ నవ్వుల మధ్య నిలబడి, వేడి పిండి డబ్బా తీసుకుని ఇంటికొచ్చాను.

బాపు గడప లోపల కూర్చుని ఉన్నాడు. వద్దన్నా వెళ్లానని తెలుసు. "నమ్మిండా?" అని అడిగాడు.

"నమ్మలే."

"పేరు అడిగిండా?"

"అడిగిండు. చెప్పలే."

బాపు కళ్లద్దాలు తీసి లుంగీ అంచుతో తుడుచుకున్నాడు. "చెప్పెటప్పుడు నవ్వినవా?" అన్నాడు.

"లేదు బాపు. నాకు ఏడుపొచ్చింది."

బాపు వంటింటి వైపు తిరిగాడు. ఇన్నేళ్లలో ఆయన గొంతు అంత తేటగా నేను వినలేదు.

"ఇన్నవా?" అన్నాడు అమ్మతో. "నవ్వకున్నా నమ్మరట."

ఆ పూట అమ్మ నవ్వు మాట ఎత్తకుండానే అన్నం వడ్డించింది.